కత్తెరమ్మగారూ, మా అలమార తలుపూ

ముందు నా తెలివితేటల గురించి చెప్పాలి. అది తెలియకపోతే ఆవిడ గొప్పతనం మీకు అర్థం కాదు.

నేను పైపుల వెల్డర్ని. మూడేళ్లు పరాయి దేశంలో కాంట్రాక్టు మీద పనిచేశాను. నెలజీతం కాదు, సొంత పేరు మీద ఒప్పుకున్న పని. కనక అక్కడ గది అద్దె నాదే, బస్సు టికెట్టు నాదే, తోలు చేతితొడుగులు నావే, చివరికి ఇక్కడి పన్ను లెక్కా నాదే. "ప్రతి ఖర్చుకీ రసీదు దాచుకో, సంపాదనలోంచి తీసేసుకోవచ్చు" అని తోటివాళ్లు చెబితే బుద్ధిగా దాచాను. ఒక బూట్ల డబ్బా నిండింది. అవన్నీ చిన్న మిషన్లోంచి కిర్రుమంటూ వచ్చే పల్చటి కాగితాలు. కొన్నాళ్లకే అక్షరాలు వెలిసిపోవడం మొదలైంది.

మా బావమరిదికి జిరాక్సు, లామినేషను షాపుంది. "ప్లాస్టిక్ వేయించెయ్యి బావా, నీ మనవలు కూడా చదువుకోవచ్చు" అన్నాడు. బస్సు టికెట్లు చదువుకోడానికి నా మనవలకేం ఖర్మరా అని అప్పుడే అడగాల్సింది. డబ్బా వాడి చేతికిచ్చి టీ తాగడానికి వెళ్లాను. వాడు ఒక్కో షీటులో ఎనిమిదేసి రసీదులు బోర్లా సర్ది, వరసగా వేడి మిషన్లో దూర్చేశాడు. వెనకవైపు తెల్లగానే ఉంది కనక అనుమానం రాలేదు. నేనొచ్చి తిప్పి చూశాను. నాలుగు వందల చిల్లర రసీదులు, ఒక్కటి మిగలకుండా బొగ్గులా నల్లబడ్డాయి. ఆ కాగితం మీద అక్షరం పడేదే వేడితోనట. పొద్దస్తమానం నిప్పుతో పనిచేసేవాణ్ణి, ఆ ముక్క నాకు తట్టలేదు. బావమరిది మాత్రం "పోనీలే బావా, తడవ్వు" అన్నాడు.

గోరుచుట్టు మీద రోకలిపోటని, నెల తిరక్కుండా పన్ను ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. రెండు ప్రశ్నలు, ముప్పై రోజుల గడువు. ఒకటి, మీరు చూపించిన ఖర్చులకి ఆధారాలేవి? రెండు, ఈ మూడేళ్లలో ఎక్కువ కాలం అక్కడే ఉన్నారు గనక, మీ అసలు నివాసం ఇక్కడే అని ఎలా నమ్మమంటారు?

మొదటి ప్రశ్నకి భయపడ్డాను. రెండోదానికి నవ్వాను. నా ఇల్లు ఎక్కడో నాకు తెలియదా?

అక్కడ సంపాదించినదాంతో వెల్డింగు సెట్టు, దాన్ని మోయడానికి ఒక బండి కొన్నాను. ఇక ఎక్కడికీ పోకుండా ఇక్కడే పని చేసుకోవాలని నా ఆశ. ఖర్చులన్నీ కొట్టేస్తే పన్నూ జరిమానా కలిపి, బండి అమ్మితే తప్ప తీరదు. బండి పోతే మళ్లీ సంచి సర్దుకోవాలి, ఇంకో మూడేళ్లు. మా పాప అప్పటికే నన్ను ఇంటికొచ్చినప్పుడల్లా కొత్తగా చూసేది.

తోటి వెల్డరొకడు "కత్తెరమ్మ దగ్గరికి వెళ్లు" అన్నాడు.

ఆ పేరు నేనూ విన్నదే. ఓడల రిపేరు కంపెనీలో ముప్పై ఏళ్లు బిల్లుల సెక్షన్లో ఉన్న మనిషి. బయట పనులకి వెళ్లొచ్చిన మెకానిక్కుల ఖర్చుల బిల్లులన్నీ ఆవిడ బల్ల మీదుగానే పోవాలి. సబ్బు బిళ్ల రెండుసార్లు రాస్తే పట్టేసేవారు. నవ్వుతూ కొట్టేసేవారట, అదింకా మంట. అందుకే కత్తెరమ్మ. రిటైరయ్యాక అదే మనిషి మాలాంటి కాంట్రాక్టు వాళ్ల ఖర్చుల లెక్కలు రాసిపెడుతున్నారు. "ముప్పై ఏళ్లు ఏది నిలవదో చూశాను, కాబట్టి ఏది నిలుస్తుందో నాకే తెలుసు" అనేవారు. ఫీజు ఒకటే రేటు. ఎంత మిగిల్చినా అందులో వాటా అడగరు.

లాండ్రీ మీద మేడగది ఆవిడది. బయట ఇనప మెట్లు, మెట్ల పైన చిన్న ఇనప గేటు. గేటు పై కీలు విరిగిపోయి ఉంది. దాన్ని రాగి తీగతో కట్టారు, అదీ ఎంతో నీటుగా. లోపల ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడ పొడవునా ఫైళ్లు, సొరుగులో పెన్నులతోపాటు స్క్రూడ్రైవరు, పట్టకారు. నేను వెళ్లేసరికి అరవై దాటిన ఆ మనిషి స్టూలెక్కి ట్యూబులైటు మారుస్తున్నారు.

"దిగండమ్మా, నేను పెడతాను," అన్నాను.

"అయిపోయింది," అంటూ దిగారు.

మంచి చేసుకుందామని "గేటు కీలు విరిగిందండీ. నేను వెల్డర్ని. ఐదు నిమిషాల పని, అతికి పెడతాను," అన్నాను.

"కట్టుకున్నాగా. పడదు. నీ కాగితాలు తియ్యి బాబూ."

నల్ల షీట్లు బల్ల మీద పరిచాను. ఆవిడ ఒక్కొక్కటే తిప్పి, కిటికీ వెలుగులో పెట్టి చూశారు. తిడతారనుకున్నాను. కళ్లజోడు తీసి, ఊపిరాడక నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

"నవ్వుతారేంటమ్మా, కొంప మునిగి నేనుంటే."

"ఎలకలు కొట్టినవి చూశాను, వానలో తడిసినవి చూశాను, ఓడ నూనెలో ఊరినవి చూశాను. ఇంత జాగ్రత్తగా తగలేసినవి ఇదే మొదలు," అని కళ్లు తుడుచుకున్నారు. తర్వాత గొంతు మారింది. "రసీదుకి తోబుట్టువు ఉంటుంది బాబూ. నీకిచ్చినవాడి దగ్గర ఇంకొకటి ఉంటుంది. ఎంత అయిందో నాకు చెప్పకు. నిన్ను ఎవరు చూశారో చెప్పు."

అలా మొదలైంది. గది ఎవరిది? ఆ ఇంటావిడ అద్దె పుస్తకంలో రాసుకునేదా? బస్సు ఎక్కడ ఎక్కేవాడివి? బూట్లు అరిగితే ఏ షాపు? షాపువాడికి నువ్వు గుర్తుంటావా? ఎందుకు గుర్తుంటావు? బేరం ఆడి పోట్లాడానండీ అన్నాను. "మంచిది, అయితే గుర్తుంటావు," అని రాసుకున్నారు. మూడేళ్ల నా బతుకు మొత్తం, ఒక్క రూపాయి మాట లేకుండా, మూడు రోజుల్లో ఆవిడ నోటుబుక్కులోకి ఎక్కింది. నేను పనిచేసిన పైపు లైను కంపెనీకి రాసి అతుకుల పట్టీ తెప్పించారు. మా పనిలో ప్రతి అతుకు పక్కనా వెల్డరు తన నంబరూ తేదీ రాయాలి. నాది ముప్పై నాలుగు. పట్టీలో 34 ఉన్న ప్రతి తేదీనా నేను అక్కడ పనిలో ఉన్నట్టే లెక్క. ఆ తేదీల పక్కన గది యజమానురాలి పుస్తకం నకలు, బస్సు కంపెనీ జాబితా, బూట్ల షాపువాడి ఉత్తరం చేరాయి. షాపువాడు చివర్లో "అతను మళ్లీ వస్తే రాయితీ ఇవ్వను" అని కూడా రాశాడట. ఇరవై రెండు రోజుల్లో మొదటి ప్రశ్నకి జవాబు మూడు వంతులు సిద్ధమైంది.

మధ్యమధ్యలో కత్తెర కూడా ఆడింది.

"ఈ చలికోటు కొట్టేస్తున్నాను."

"అక్కడ గడ్డకట్టే చలండీ."

"చలి అందరికీ వేస్తుంది. పని కోసం వేసుకునే తోలు కోటు ఉంచాను. నల్లకళ్లద్దాలు రెండోవి ఎందుకు?"

"వెల్డింగుకి కళ్లు..."

"వెల్డింగుకి ముసుగుంటుంది. ఇవి ఫోటోలకి." కొట్టేశారు.

నా డబ్బు మిగల్చమని వెళితే నా డబ్బే కోస్తోందేంటి ఈవిడ అని మెట్లు దిగుతూ తిట్టుకున్నాను. ఒప్పుకుంటున్నాను, పైకే తిట్టుకున్నాను.

ఇక మిగిలింది రెండో ప్రశ్న. అది తేలికే కదా అన్నాను. ఆవిడ నవ్వలేదు.

"అదే అసలు ప్రశ్న. నీ ఇల్లు ఇక్కడ ఉండి, పని కోసం అక్కడ కొన్నాళ్లుంటే, ఆ గది అద్దె ఖర్చు. నీ ఇల్లే అక్కడికి మారిపోతే అది ఖర్చు కాదు, కాపురం. కాపురానికి ఎవరూ రాయితీ ఇవ్వరు. పద, మీ ఇల్లు చూస్తాను."

వచ్చారు. మా ఆవిడ కుర్చీ తుడిచి వేసింది. కత్తెరమ్మగారు కూర్చోలేదు. సంచి భుజానే ఉంచుకుని, గదులన్నీ మెల్లగా తిరిగారు.

"నీ బట్టల అర ఏది?"

చూపించాను. అందులో పాప పాత పుస్తకాలున్నాయి.

"నువ్వు కూర్చునే కుర్చీ?"

దాని మీద ఇస్త్రీకి వెళ్లాల్సిన బట్టలు కొండలా ఉన్నాయి.

"పళ్లు తోముకునే బ్రష్షు?"

"ప్రయాణం సంచిలో ఉందండీ. అలవాటు. అక్కడే ఉంచుకుంటాను."

కరెంటు బిల్లు మా ఆవిడ పేర. ఫోనూ తన పేరే. పాప బడి కాగితాల మీద సంతకం తనదే. నేను లేనప్పుడు ఇల్లు నడవాలని నేనే అన్నీ మార్పించాను.  ఇక ఆగలేక అరిచాను.

"బ్రష్షు లేకపోతే ఇది నా ఇల్లు కాదా అమ్మా? ఇంటికి డబ్బెవరు పంపారు? ఎవరి కోసం పోయాను అక్కడికి?"

"డబ్బు బ్యాంకు కూడా పంపుతుంది," అన్నారు ఆవిడ నెమ్మదిగా. "వాళ్లు అడిగేది ఇదే. నా దగ్గర అరిచెయ్యి, అక్కడ అరవక్కర్లేదు. ఇంకా ఉంటే కానియ్యి."

ఇంకేం లేదు. కుర్చీలో ఆ బట్టల మీదే కూలబడ్డాను. ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

మా ఆవిడ మంచినీళ్లు తేవడానికి వంటింట్లోకి వెళ్లింది. గ్లాసులుండే అలమార తలుపు సగమే తెరిచి, ఒంటితో అడ్డం పెట్టి గ్లాసు తీస్తోంది. బిల్లులు చూసి చూసి అరిగిన కళ్లకి అది కనపడకుండా ఉంటుందా?

"ఏంటమ్మాయ్ అక్కడ?"

"ఏం లేదు పిన్నిగారూ. ఊరికే రాసుకున్నవి."

ఆవిడ వెళ్లి తలుపు పూర్తిగా తెరిచారు. లోపలివైపు పైనుంచి కిందదాకా పెన్సిలు రాతలు. నేను ఎన్నోసార్లు చూసినవే, అందుకే నాకు కనపడనివి. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని పైకే చదివారు.

"కుళాయి కారుతోంది, ఆయన వచ్చాక. మూడో మెట్టు ఊగుతోంది, ఆయన వచ్చాక. కిటికీ గడియ, ఆయన వచ్చాక. పాప సైకిలు స్టాండు. కుళాయి మళ్లీ కారుతోంది, బ్రాకెట్లో, బాగానే చేశారు, నేనే గట్టిగా తిప్పాను."

ప్రతి లైను మీదా తెల్ల పెయింటు పెన్నుతో 34 అని, పక్కన తేదీ. నా రాత. సెలవు మీద వచ్చినప్పుడల్లా ఒకటొకటిగా బాగుచేసి, పైపు అతుకు పక్కన రాసినట్టే నంబరు వేసేవాణ్ణి. చెయ్యికి అలవాటు.

"ప్లంబరు దొరకడా మీ వీధిలో?" అని మా ఆవిణ్ణి అడిగారు.

"పక్క సందులోనే ఉన్నాడండీ. పిలిస్తే పావుగంటలో వస్తాడు."

"మరి ఆయన వచ్చేదాకా కుళాయి కారనిచ్చావా?"

"బకెట్టు పెట్టాను." మా ఆవిడ కొంగు చివర మెలిపెట్టింది. "ఆయన వచ్చాక చెయ్యడానికి ఏదో ఒక పనుండాలి కదండీ. లేకపోతే చుట్టంలా కుర్చీలో కూర్చుంటారు. వెళ్లేరోజు ఎప్పుడా అని చూస్తారు."

మూడేళ్లలో ఆ మాట నాతో అనలేదు. కత్తెరమ్మగారు తలుపు మీద చివరి లైనుదాకా వేలు పెట్టి చదువుకున్నారు. తర్వాత సంచిలోంచి స్క్రూడ్రైవరు తీశారు.

"ఫోటో తీసుకెళ్దామండీ," అన్నాను.

"ఫోటోలో పెన్సిలు కనపడదు. పైగా ప్రింటుకి నీ బావమరిది షాపుకే వెళ్తావు." అప్పటికే మొదటి మర విప్పేశారు.

విచారణ రోజున తలుపుని దుప్పట్లో చుట్టి బస్సెక్కాం. కండక్టరు దానికి లగేజీ టికెట్టు కొట్టాలన్నాడు. ఆవిడ కొట్టించి, రసీదు మడతపెట్టి నా జేబులో పెట్టారు. "దీన్ని ఎండలో పెట్టకు," అన్నారు నాతో.

ఆఫీసరు మధ్యవయసు మనిషి. ఫైలు తిప్పుతూ, ఎర్రగీతల దగ్గర ఆగాడు. "ఇవి ఎవరు కొట్టేశారు?"

"నేనే. మీ పని కాస్త తగ్గిద్దామని," అన్నారు కత్తెరమ్మగారు.

ఆయన మళ్లీ మొదటి పేజీకి వెళ్లి, ఈసారి నెమ్మదిగా చదివాడు. ఆ తర్వాత నివాసం సంగతి అడిగాడు. ఆవిడ దుప్పటి విప్పి తలుపుని ఆయన బల్లకి ఆనించారు. పక్క బల్లల వాళ్లు లేచి చూశారు.

"ఈ ముప్పై నాలుగేంటి?" అని ఆఫీసరు నన్నే అడిగాడు.

"నా వెల్డరు నంబరండీ. అతుకు వేస్తే పక్కన రాయాలి. ఇరవై ఏళ్ల తర్వాత కారినా ఎవరి చెయ్యో తెలియాలి."

"ఇంట్లో ఎందుకు మరి?"

"ఇంట్లో కారితే ఎవర్ని తిట్టాలో మా ఆవిడకి తెలియాలి కదండీ."

ఆయన నవ్వుని దగ్గులోకి దింపుకున్నాడు. కత్తెరమ్మగారు అప్పుడు పాస్‌పోర్టు తెరిచి పెట్టారు. తలుపు మీద తేదీలన్నీ పాస్‌పోర్టు ముద్రల మధ్యనే పడ్డాయి. ఏడుసార్లు వచ్చాను, ఏడుసార్లూ తలుపు మీద ఉన్నాను. అతుకుల పట్టీలో ఆ రోజుల్లో 34 లేదు.

"మనిషి మకాం ఎక్కడని అడిగారు," అన్నారు ఆవిడ. "పని అక్కడుంది. పెండింగు మాత్రం ఇక్కడుంది. మనిషి కోసం పని ఆపి ఉంచే చోటు ఇల్లు కాక ఇంకేమవుతుందండీ?"

ఆఫీసరు ఫైలు మూశాడు. లేచి, వంగి, తలుపు అడుగుదాకా చదివాడు. కుళాయి మళ్లీ కారిన లైను దగ్గర కాస్త ఎక్కువసేపు ఉన్నాడు.

తిరుగు బస్సులో ఖాళీ ఉంది. తలుపుకి ఒక సీటు దొరికింది. ఆవిడ కిటికీ పక్కన కూర్చుని, నేను అడక్కుండానే చెప్పారు.

"మా ఆయన ఓడరేవుల్లో పూడిక తీసే ఓడ మీద మెకానిక్కు. ఇలాగే కాంట్రాక్టులు. మొదట్లో మూడు నెలలకోసారి వచ్చేవారు. తర్వాత ఆరు. నేనేమో తెలివైనదాన్ని కదా, ఆయన వచ్చేలోపు అన్నీ బాగుచేసేసి ఉంచేదాన్ని. కుళాయి, ఫ్యూజు, పైకప్పు కూడా. వచ్చిన మనిషికి శ్రమెందుకని. వచ్చి, కూర్చుని, పేపరు చదువుకుని వెళ్లేవారు. ఒక ఏడు రాలేదు. అక్కడే ఇల్లు చూసుకున్నారు. ఇలాంటి ఉత్తరమే మాకూ వచ్చింది, నివాసం ఎక్కడని. ఇల్లంతా వెతికాను. ఆయనదని చూపించడానికి ఒక్కటీ దొరకలేదు." తలుపు వైపు చూపించి, "నీ భార్య నాకంటే తెలివైంది," అన్నారు.

 తలుపు జారకుండా పట్టుకుని కూర్చున్నాను.

రెండు వారాలకి జవాబు వచ్చింది. నివాసం ఇక్కడే. రెండు చిన్న ఖర్చులు తప్ప అన్నీ ఒప్పుకున్నారు. బండి నిలిచింది. నేనూ నిలిచాను. తలుపు బిగించే ముందు దానికి పాలిష్ పెడదామన్నాడు మా బావమరిది. వాణ్ణి వంటింటి గడప దాటనివ్వలేదు.

ఫీజు ఇవ్వడానికి బండిలోనే వెళ్లాను. మెట్లెక్కి చూస్తే గేటు ఒక పక్కకి ఒరిగి ఉంది. రాగి తీగ లేదు. తెంపినది కాదు, చుట్టచుట్టి గోడ మేకుకి తగిలించి ఉంది. గేటు పక్కన గోడకి ఒక ఖాకీ కాగితం అంటించి ఉంది. గుండ్రటి గుమాస్తా రాత.

"గేటు కీలు. అతను వచ్చాక."

ఆవిడ లోపల ఎవరివో బిల్లులు కోస్తున్నారు. తల ఎత్తలేదు. నేను కిందికి వెళ్లి సెట్టు దింపుకున్నాను. ఐదు నిమిషాల పనికి అరగంట పట్టింది, కావాలనే. ఆనవాలు లేకుండా సాపు చేసి, తెల్ల పెన్నుతో కాగితం మీద 34 వేసి తేదీ రాశాను.

ఆవిడ వచ్చి గేటుని రెండుసార్లు తీసి వేశారు. కళ్లజోడు పెట్టుకుని నంబరు చదివారు. తర్వాత జాకెట్టులోంచి పెన్ను తీసి దాని కిందే ఇంకో లైను రాశారు.

"మెట్ల కమ్మీ ఊగుతోంది. అతను వచ్చాక."

దిగుతూ కమ్మీని రెండు చేతులా పట్టుకుని ఊపి చూశాను. అది కొంచెం కూడా కదల్లేదు.

"వచ్చే నెల మొదటి వారంలో చూస్తానమ్మా," అని కిందనుంచి కేకేసి చెప్పాను.